భీమునిపట్నం: నగరం చేరువైన వేళ ఒక తీర పట్టణం ముందున్న ప్రశ్నలు

ప్రత్యేక వ్యాసం

విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు 25 కిలోమీటర్ల దూరాన, గోస్తనీ నది బంగాళాఖాతంలో కలిసేచోట భీమునిపట్నం కలదు. ప్రజల వాడుకలో ఇది భీమిలి. పాండవులలో ఒకడైన భీముని పేరిట వెలసినదని స్థానిక ఐతిహ్యం. ఒకవైపు సముద్రం, మరొకవైపు పావురాళ్లకొండ, ఉత్తరాన నదీముఖం, దక్షిణాన ఎర్రమట్టి దిబ్బలు ఈ చిన్న పట్టణానికి సహజమైన ఎల్లలుగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఇంత తక్కువ విస్తీర్ణంలో ఇన్ని విశేషాలు ఒకేచోట కానవచ్చే పట్టణాలు అరుదు.

ఒకప్పుడు విశాఖపట్నంతో పోటీపడిన రేవు ఇది. రైలు మార్గం, ఆధునిక ఓడరేవు రెండూ దీనిని విడిచిపోగా, వంద సంవత్సరాలకు పైగా ప్రశాంతమైన చిన్న పట్టణంగా మిగిలింది. ఆ ఉపేక్ష పట్టణ ప్రజలకు ఉపాధి నష్టాన్ని కలిగించిన మాట వాస్తవం. అయితే దిబ్బలు, సమాధులు, ఇసుక తీరం నేటి వరకు నిలిచి ఉండడానికి కూడా ఆ ఉపేక్షే కొంతవరకు కారణమైంది. ఇప్పుడు పరిస్థితి తారుమారైంది. నగరమే భీమిలి వద్దకు వచ్చింది. ఈ మార్పు పట్టణానికి తెచ్చే మేలు ఏమిటి, దానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రేవు పట్టణంగా వెలిగిన కాలం

పావురాళ్లకొండపై లభించిన బౌద్ధ విహారాల అవశేషాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఈ తీరానికి గల ప్రాచీనతను తెలుపుతున్నాయి. విశాఖపట్నం - భీమిలి మార్గంలోని తొట్లకొండ, బావికొండ కూడా ఇదే కోవకు చెందిన క్షేత్రాలు. తొట్లకొండ అవశేషాలు 1976లో నౌకాదళ అవసరాల కోసం జరిపిన విమాన సర్వే సందర్భంగా వెలుగుచూసిన విషయం విదితమే. సముద్రానికి అభిముఖంగా కొండలపై వరుసగా విహారాలు నెలకొనడాన్ని బట్టి, ఆనాడే ఈ తీరానికి సముద్ర వ్యాపారంతో సంబంధం ఉన్నదని చరిత్రకారులు భావిస్తున్నారు.

17వ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరాన్ని ఏర్పరచుకొంది. పాత తెలుగు రికార్డులలో వీరిని ఒలందావారు అని పేర్కొన్నారు. కోరమాండల్ తీరంలో నేసిన వస్త్రాలు వారి వర్తకానికి ప్రధాన ఆకర్షణ. పట్టణంలోని డచ్ శ్మశానవాటికలలో శాసనాలు చెక్కిన రాతి పలకలు, కోసుగా లేచిన ఇటుక కట్టడాలు ఆ కాలానికి సాక్ష్యాలు. 1824 మార్చి 17న బ్రిటన్, నెదర్లాండ్స్ మధ్య లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం భారతదేశంలోని డచ్ స్థావరాలు బ్రిటిష్ వారికి సంక్రమించాయి. ఆ మరుసటి సంవత్సరం భీమునిపట్నం కూడా చేతులు మారింది.

19వ శతాబ్దంలో పట్టణ వ్యాపారం మరింత విస్తరించింది. నువ్వులు, కరక్కాయలు, నీలిమందు, గోగునార ఇక్కడి నుండి విదేశాలకు ఎగుమతి అయ్యేవి. ఉత్తరాంధ్రలో పండే గోగునారకు ప్రపంచ విపణిలో 'బిమ్లీపటం జూట్' అన్న పేరు స్థిరపడింది. వృక్షశాస్త్ర గ్రంథాలలో ఆ పేరు నేటికీ కనిపిస్తుంది. ఒక పంటకు తన పేరు ఇవ్వగలిగినంతటి వాణిజ్య ప్రాముఖ్యం ఈ రేవుకు ఉండేదన్నమాట. సమీపంలోని చిట్టివలసలో జూట్ మిల్లు వెలసింది. 1861లోనే ఇక్కడ పురపాలన ఆరంభమైంది. దేశంలోని తొలితరం పురపాలక సంఘాలలో భీమునిపట్నం ఒకటిగా గుర్తింపు పొందింది.

పట్టణం వెనుకబడిన కారణాలు

భీమిలి సహజమైన ఓడరేవు కాదు. ఓడలు తీరానికి దూరంగా లోతు నీటిలో లంగరు వేసుకొనేవి. సరకులను మాసూలా పడవలలో అలల మీదుగా తీసుకువెళ్లి ఎక్కించేవారు. మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టి తయారుచేసిన ఆ పడవలు అలల తాకిడికి తట్టుకొనేవి. ఓడలు చిన్నవిగా ఉన్నంతకాలం, పోటీ రేవులు కూడా ఇదే స్థితిలో ఉన్నంతకాలం ఈ పద్ధతి చెల్లింది.

1890వ దశకంలో మద్రాసు - కలకత్తా తూర్పుతీర రైలుమార్గం నిర్మితమైనప్పుడు అది భీమిలిని తాకలేదు. విజయనగరం మీదుగా లోపలి భాగంలో సాగిపోయింది. గోగునార, నూనెగింజలు రైలుకు దగ్గరైన సంతలవైపు మరలాయి. 1933లో విశాఖపట్నం ఓడరేవు ప్రారంభమైన తరువాత ఓడలు నేరుగా గట్టుకు చేరి సరకు ఎక్కించుకొనే వసతి 25 కిలోమీటర్ల దూరంలోనే లభించింది. అంతటితో భీమిలి రేవుకు పని తగ్గిపోయింది. చిట్టివలస జూట్ మిల్లు మరికొన్ని దశాబ్దాలపాటు వేలాది కుటుంబాలకు ఆధారంగా నిలిచింది. 2009లో అది కూడా మూతపడింది.

ఈ చరిత్ర నుండి గ్రహించవలసిన అంశం ఒకటి కలదు. భీమిలి భాగ్యం ప్రతి దశలోనూ వెలుపల జరిగిన నిర్ణయాలపైనే ఆధారపడింది. లండన్ ఒప్పందం, రైలు మార్గపు గీత, ఓడరేవు స్థల నిర్ణయం ఈ మూడింటిలోనూ పట్టణ ప్రజల ప్రమేయం లేదు. ప్రస్తుత దశలో కూడా నిర్ణయాలు అధికభాగం పట్టణానికి వెలుపలనే జరుగుతున్నాయి.

పాలనలో మార్పులు

2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. 2013 జులైలో భీమునిపట్నం పురపాలక సంఘాన్ని అందులో విలీనం చేస్తూ ఉత్తర్వులు వెలువడ్డాయి. 2021 మార్చిలో 98 వార్డులతో జరిగిన నగరపాలక సంస్థ ఎన్నికలలో భీమిలి ఓటర్లు నగర ఓటర్లుగా పాల్గొన్నారు. 1861లో మొదలైన ప్రత్యేక పురపాలక సంప్రదాయం ఈ విధంగా నగరపాలనలో అంతర్భాగమైంది. ఇందుకు భిన్నంగా, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో భీమునిపట్నం కేంద్రంగా కొత్త రెవెన్యూ డివిజన్ ఏర్పడింది. అంటే పట్టణం తన పురపాలక ప్రతిపత్తిని కోల్పోయి, రెవెన్యూ పాలనలో మునుపటికన్నా ఉన్నత స్థానాన్ని పొందింది.

ఈ మార్పుల వలన ప్రయోజనాలు లేకపోలేదు. తాగునీరు, మురుగు పారుదల, ఘనవ్యర్థాల నిర్వహణ వంటి పనులకు చిన్న పురపాలక సంఘానికి లేని నిధులు, సాంకేతిక సిబ్బంది పెద్ద సంస్థకు ఉంటారు. అయితే పురపాలక సమావేశంలో ప్రధాన చర్చనీయాంశమయ్యే ఒక వీధి సమస్య, 98 వార్డుల మహానగర ఎజెండాలో ఎన్నో వరుసలో నిలుస్తుందన్నది ఆలోచించవలసిన విషయం. విలీనమైన పట్టణాలన్నింటికీ వర్తించే ప్రశ్న ఇది.

దీనికి తీర నియంత్రణతో కూడా సంబంధం కలదు. కేంద్ర ప్రభుత్వం 1991, 2011, 2019 సంవత్సరాలలో జారీచేసిన తీరప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్లు సముద్రపు పోటు రేఖ నుండి 500 మీటర్ల వరకు గల భూమిని తరగతులుగా విభజించాయి. పురపాలక పరిధిలో ఉండి, సగానికి పైగా స్థలాలలో నిర్మాణాలు వెలసి, రోడ్లు, డ్రైనేజీ వంటి సౌకర్యాలు గల ప్రాంతం రెండవ తరగతిలోకి వస్తుంది. అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకు లేదా అనుమతి పొందిన కట్టడానికి భూమివైపున నిబంధనలకు లోబడి కొత్త నిర్మాణాలు చేసుకోవచ్చు. గ్రామీణ ప్రాంతాలు మూడవ తరగతి. 2019 నోటిఫికేషన్ ప్రకారం 2011 జనాభా లెక్కలలో చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించిన జనసాంద్రత గల గ్రామీణ ప్రాంతాలలో 50 మీటర్లు, మిగిలిన వాటిలో 200 మీటర్ల వరకు నిర్మాణ నిషిద్ధ ప్రాంతంగా నిర్ణయమైంది. ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లుపెట్టే స్థలాలు, వారసత్వ ప్రదేశాలు అత్యంత సున్నితమైన మొదటి తరగతికి చెందుతాయి.

కావున ఒక తీర పట్టణంలో నిర్మాణానికి అనుమతి ఉన్నదా లేదా అన్న ప్రశ్నకు సమాధానం తీర నిర్వహణ ప్రణాళిక పటంలో ఆ సర్వే నంబరు ఏ తరగతిలో పడిందన్న దానిపై ఆధారపడుతుంది. తీరంలో వెలసే గోడ గాని, విశ్రాంతి భవనం గాని వివాదాస్పదమైనప్పుడు పాత్రికేయులు ముందుగా చూడవలసినది ఆ పటాన్నే.

ఎర్రమట్టి దిబ్బలు

భీమిలి పరిసరాలలో అత్యంత విలువైన సంపద ఎర్రమట్టి దిబ్బలు. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, గత హిమయుగం పరాకాష్ఠలో, ప్రపంచవ్యాప్తంగా సముద్ర మట్టం నేటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువకు చేరింది. అప్పుడు బయల్పడిన సముద్రగర్భపు ఇసుకను గాలులు లోపలికి మోసుకువచ్చి కుప్పలుగా పోసినట్లు భూవిజ్ఞానులు వివరిస్తున్నారు. కాలక్రమంలో ఇసుకలోని ఇనుము గల ఖనిజాలు శిథిలమై, ఆ ఇనుము ఆక్సైడు పూతగా రేణువులకు అంటుకొనడంతో దిబ్బలు ఎరుపెక్కాయి. వర్షపు నీరు కోతకోసిన లోతైన గండ్లు, నిట్రమైన గోడలు, సన్నని శిఖరాలు నేటి రూపాన్ని ఇచ్చాయి. దక్షిణాసియాలో ఇటువంటి ఎర్ర ఇసుక నిక్షేపాలు ఇక్కడ కాక తమిళనాడు, శ్రీలంక తీరాలలో మాత్రమే కనిపిస్తాయి.

సముద్ర మట్టం, వర్షపాతం, గాలుల తీరు ఎప్పుడెప్పుడు ఎట్లా మారినదీ ఈ పొరలలో నమోదై ఉన్నది. ఈ కారణంగా భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో దేశం నుండి చేరిన ఏడు సహజ ప్రదేశాలలో ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల కొండలు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి కావడం గమనార్హం.

తాత్కాలిక జాబితాలో చేరడం తుది గుర్తింపు కాదని గమనించవలసి ఉంది. పూర్తిస్థాయి ప్రతిపాదన సమర్పించడానికి ముందు ప్రదేశం కనీసం ఒక సంవత్సరం ఈ జాబితాలో ఉండాలి. ప్రతిపాదనలో ప్రదేశపు సరిహద్దులు, దాని చుట్టూ రక్షక వలయం, నిర్వహణ ప్రణాళిక స్పష్టంగా చూపాలి. ఈ నిబంధనే భీమిలికి అసలు పరీక్ష. దిబ్బలు తీరం నుండి లోపలికి విస్తరించి ఉన్నందున, 500 మీటర్లకు ఆవల గల భాగానికి తీర నియంత్రణ నిబంధనల రక్షణ లభించదు. చుట్టుపక్కల భూముల విలువ ఏటేటా పెరుగుతున్నది. 2024 జులైలో దిబ్బల పరిసరాలలో భూమి చదును పనులు జరిగిన విషయం పత్రికల ద్వారా వెలుగులోకి రాగా అధికారులు వాటిని నిలిపివేయించవలసి వచ్చింది.

దిబ్బల అంచును కొద్దిగా తవ్వితే నష్టమేమిటన్న ప్రశ్న తరచు వినిపిస్తుంది. ఇవి రాతికొండలు కావు. రేణువులు గట్టిగా అతుక్కోని ఇసుక గుట్టలు. పాదభాగాన్ని చదును చేస్తే వాననీటి దారి మారుతుంది, కొత్త గండి పడుతుంది, ఆ గండి పైకి పాకుతుంది. ఇసుక వర్షాన్ని ఇంకించుకొని నెమ్మదిగా దిగువకు వదలుతుంది కనుక దిబ్బలు తరిగితే భూగర్భజలానికి కూడా నష్టమే. ఒక ఋతువులో తొలగించిన మట్టిని తిరిగి పోయవచ్చునేమో గాని, పొరల క్రమాన్ని తిరిగి పేర్చడం ఎవరివల్లా కాదు.

నదీముఖం, తీరం

గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల మీదుగా ప్రవహించి, విజయనగరం జిల్లా దాటి భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. దీనిపై నిర్మించిన తాటిపూడి జలాశయం పొలాలకు సాగునీటిని, విశాఖ నగరానికి తాగునీటిని అందిస్తున్నది. నగర విస్తరణతో ఈ నీటికి గిరాకీ పెరుగుతుందే కాని తగ్గదు. నదిలో ప్రవాహం తగ్గిన కాలంలో అలలు తెచ్చిన ఇసుక మేట వేసి నదీముఖం సన్నబడుతుంది. నీటితోపాటు కిందికి రావలసిన ఇసుక కూడా జలాశయంలో కొంత నిలిచిపోతుంది. నదిలో ఇసుక తవ్వకాలు ఇందుకు తోడైతే తీరానికి అందే ఇసుక మరింత తగ్గుతుంది.

తీరం వెంబడి ఇసుక నిత్యం కదులుతూ ఉంటుంది. సంవత్సరంలో అధికకాలం ఈ కదలిక నైరుతి నుండి ఈశాన్య దిశగా సాగుతుంది. విశాఖ ఓడరేవు నిర్మాణాలు ఈ కదలికకు అడ్డుపడినందున, పూడిక తీసిన ఇసుకను ఉత్తరాన నగర తీరంలో పోసే పద్ధతి అమలులో ఉంది. భీమిలి అదే దిశలో మరింత ఎగువన ఉన్నది. అందువలన బీచ్‌రోడ్డు పొడవునా కట్టే ప్రతి గోడ, ప్రతి రాతికట్ట ప్రభావం కట్టినచోటనే ఆగదు. ఒకచోట తీరాన్ని కాపాడే రాతికట్ట పొరుగున కోతను పెంచగలదన్నది ఇంజనీర్లకు తెలిసిన విషయమే. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను, ఈ తీరంలోని చెట్లు, రోడ్లు, ఇళ్లు ఎంత సులువుగా దెబ్బతినగలవో చూపింది.

మత్స్యకారుల జీవనం

పర్యాటకునికి విహారస్థలమైన ఇసుక తీరం మత్స్యకారునికి పనిచోటు. పడవ ఒడ్డుకు లాగడానికి, వలలు ఆరవేసి బాగుచేసుకోవడానికి, చేపలు ఎండబెట్టడానికి, వేలం వేయడానికి స్థలం కావాలి. చేపల అమ్మకం, ఎండు చేపల తయారీ అధికంగా మహిళల చేతుల మీదుగానే జరుగుతాయి. తీరంలో చప్టాలు, తోటలు, తినుబండారాల దుకాణాలు పెరిగినకొద్దీ ఈ పనిచోటు కుదించుకుపోతుంది. రికార్డులలో ఇది ఎవరి పేరిటా లేని భూమి కావడం వలన నష్టపరిహారం ప్రసక్తి కూడా రాదు.

తూర్పు తీరంలో చేపల సంతానోత్పత్తి కోసం ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరబోట్లు, ఇంజన్ పడవల వేటపై నిషేధం అమలవుతుంది. ఈ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతిని 2019లో రూ. 10,000కు, 2025లో రూ. 20,000కు పెంచడం జరిగింది. ఇది ఉపశమనం కలిగించే చర్యే. అయితే భృతి రెండు నెలల ఆదాయ నష్టానికి సంబంధించినది. మిగిలిన పది నెలలలో పడవ నిలుపుకొనే స్థలం లేకపోతే దానిని ఏ భృతీ పూరించలేదు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల వివాదం మత్స్యకార గ్రామాల మధ్య ఘర్షణకు దారితీసిన వైనం, తీరానికి సమీపంలో దొరికే చేపపై ఎన్ని కుటుంబాలు ఆధారపడి ఉన్నాయో తెలియజేస్తున్నది.

పర్యాటకం - నిర్వహణ

భీమిలి దారిలోనే ఉన్న రుషికొండ తీరం 2020 అక్టోబరులో దేశంలో 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు పొందిన తొలి ఎనిమిది తీరాలలో ఒకటిగా నిలిచింది. స్నానానికి అనువైన నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, సమాచారం, భద్రత అన్న నాలుగు విభాగాలలో 33 ప్రమాణాలను పాటించిన తీరాలకు ఈ గుర్తింపు లభిస్తుంది. నిర్వహణలో లోపాల కారణంగా 2025లో అక్కడి జెండాను తాత్కాలికంగా దించవలసి వచ్చింది. అనంతరం లోపాలు సరిదిద్దిన మీదట గుర్తింపు పునరుద్ధరణ జరిగింది. గుర్తింపు సాధించడం ఒక ఎత్తు, ప్రతిదినం నిలుపుకోవడం మరొక ఎత్తు అని ఈ అనుభవం తెలుపుతున్నది.

గోస్తనికి ఉత్తరాన, విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. విశాఖకు, భోగాపురానికి మధ్య ఉన్న భీమిలిపై దీని ప్రభావం సహజంగానే అధికం. రోడ్ల వెడల్పు, హోటళ్లు, నివాస సముదాయాలు, వాటితోపాటు ఉపాధి రానున్నాయి. జూట్ మిల్లు మూతపడిన తరువాత పనికోసం నగరానికి వలసపోయిన కుటుంబాల యువతకు ఇది అవకాశమే. ఆ అవకాశం నిలకడగా ఉండాలంటే, పర్యాటకుడు ఏమి చూడడానికి భీమిలి వరకు వస్తున్నాడన్నది మరువరాదు. బహుళ అంతస్తుల భవనాలు విశాఖలోనే ఉన్నాయి. డచ్ సమాధులు, ఎర్ర దిబ్బలు, నదీముఖం, పడవలు నిలిచిన తీరం భీమిలిలో ఉన్నాయి.

గమనించవలసిన అంశాలు

రానున్న సంవత్సరాలలో ఈ పట్టణం గురించి నివేదించే పాత్రికేయులు, ప్రణాళికలు రూపొందించే అధికారులు ఐదు అంశాలపై దృష్టి సారించడం ఉచితం.

ఒకటి: ఎర్రమట్టి దిబ్బల సరిహద్దులను సర్వే నంబర్లతో సహా నిర్ధారించి, రక్షక వలయాన్ని ప్రకటించి, ఆ పటాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచడం. సరిహద్దు తెలియనిచోట ఆక్రమణను రుజువు చేయడం కష్టం.

రెండు: 2041 సంవత్సరాన్ని లక్ష్యంగా రూపొందిన విశాఖ మహానగర ప్రాంత మాస్టర్ ప్లానులోని రోడ్లు, నివాస ప్రాంతాలు తీర నిర్వహణ పటాలతో, దిబ్బల సరిహద్దులతో పొసగుతున్నవో లేదో సరిచూడడం.

మూడు: తాటిపూడి దిగువన గోస్తనిలో కనీస ప్రవాహం నిలపడం, విస్తరిస్తున్న కాలనీల మురుగు శుద్ధి కాకుండా నదీముఖంలో కలవకుండా చూడడం.

నాలుగు: తీర సుందరీకరణ పనులు చేపట్టేముందే పడవలు నిలిపే స్థలం, చేపలు ఎండబెట్టే స్థలం పటంలో గుర్తించి, మత్స్యకార సంఘాల సమక్షంలో ఖరారు చేయడం.

ఐదు: డచ్ కట్టడాలు, పావురాళ్లకొండ అవశేషాల పరిరక్షణకు నిర్దిష్టమైన బాధ్యతను, వార్షిక నిధులను కేటాయించడం. ఉప్పుగాలి ఇటుకను, సున్నాన్ని ఏటేటా తినివేస్తుంది కనుక ఒక పర్యాయం మరమ్మతు సరిపోదు.

వీటిలో అధికభాగం కొత్త చట్టాలను గాని, భారీ వ్యయాన్ని గాని కోరేవి కావు. రెవెన్యూ, నగరపాలక, మత్స్య, పర్యాటక, పురావస్తు, జలవనరుల శాఖలు ఒకే పటాన్ని ముందుంచుకొని పనిచేయడం వీటికి ప్రధానంగా అవసరం. రెవెన్యూ డివిజన్ కేంద్రం పట్టణంలోనే ఉన్నందున ఈ సమన్వయానికి భీమిలే వేదిక కాగలదు. రైలుమార్గం, ఓడరేవు నిర్ణయాలు జరిగినప్పుడు భీమిలి ప్రజలకు తమ అభిప్రాయం చెప్పుకొనే వీలు లేకపోయింది. నేడు ముసాయిదా పటాలపై అభ్యంతరాలు స్వీకరించే గడువులు, ప్రజాభిప్రాయ సేకరణ సభలు, వార్డు ప్రతినిధులు ఉన్నారు. ఆ సభల తేదీలు, ఆ పటాలలోని వివరాలు మత్స్యకార వాడలకు సకాలంలో, తెలుగులో చేరేటట్లు చూడడం అధికార యంత్రాంగానికీ పత్రికలకూ గల ఉమ్మడి బాధ్యత.